దేగ్చీ మూత, ఖజూర్ డబ్బా, కాస్త ఫుర్సత్

ఆడుకునే పసివాడికి ఖిలోనాకీ ఇంటి సామానుకీ ఫరక్ తెలీదు. ఆ ఫరక్ పెట్టింది పెద్దవాళ్ళం మనమే. ఉరుసులో మూడొందలు పోసి కొన్న కారు రెండు రోజుల్లో మంచం కిందికి పోతుంది. దేగ్చీ మూత మాత్రం నెలల తరబడి చేతిలోంచి దిగదు. నేలకేసి కొడితే ఒక చప్పుడు, గోడకి తగిలిస్తే ఇంకో చప్పుడు. నిలబెట్టి తిప్పితే గిర్రున తిరిగి తిరిగి ఠణఠణమంటూ పడిపోతుంది. కారు వచ్చిన అట్టపెట్టెలో ఎక్కి కూర్చుంటాడు, కారును చూడనే చూడడు. "పైసలన్నీ బర్బాద్" అని మనం తల పట్టుకుంటాం గానీ పిల్లాడు చేసింది సహీ పనే. అమెరికాలో రోచెస్టర్ అనే షహర్‌లో స్ట్రాంగ్ మ్యూజియం ఉంది. లోకంలో గొప్ప బొమ్మలు ఏవో ఎంచి వాళ్ళు ఏటా ఒక జాబితాలో చేరుస్తారు. 2005లో అందులోకి అట్టపెట్టె చేరింది, 2008లో కట్టెపుల్ల, 2011లో దుప్పటి. మన నానీలు, దాదీలు ఏ మ్యూజియమూ చెప్పకముందే పిల్లల చేతికిచ్చినవి ఇవే.

ఈ మాటలు ఇప్పుడు రాయడానికి సబబ్ మా మున్నా. నా తమ్ముడి కొడుకు. నేను వాడికి ఫుప్పూని.

మాది రామసముద్రం. మదనపల్లెకీ పుంగనూరుకీ పోయి వచ్చే ఊరు. ఇంకాస్త ముందుకు పోతే కర్ణాటక, కోలారు జిల్లా వచ్చేస్తుంది. 2022 ఏప్రిల్ నుంచి కాగితాల మీద అన్నమయ్య జిల్లా, నోటిమీద ఇంకా చిత్తూరే. నేను మదనపల్లెలో ఉంటాను. ఊళ్ళో ఇంట్లో అమ్మీ, మా తమ్ముడి భార్య, మున్నా ముగ్గురే. తమ్ముడి భార్యను ఇంటిల్లిపాదీ దుల్హన్ అనే పిలుస్తాం, పెళ్ళై ఐదేళ్ళైనా ఆ పేరు పోలేదు. తమ్ముడు కువైట్‌లో డ్రైవరు. మున్నాకి ఐదో నెల నడుస్తుండగా వెళ్ళాడు. మన వైపు ఇలాంటి ఇళ్ళు ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పాలా?

ఇక్కడే అసలు చిక్కు. "చిన్నపిల్లలకి ఫోన్ ఇవ్వకండి" అని చెప్పడం ఆసాన్. కానీ మున్నాకి ఫోన్ అంటే అబ్బా. వాడు అబ్బాని ఒళ్ళో కూర్చుని చూడలేదు, అద్దంలో చూశాడు. రాత్రి ఇషా అయ్యాక ఫోన్ మోగితే "అబ్బా" అంటూ పరుగెత్తుకొస్తాడు. పగలు అదే ఫోన్‌లో కార్టూన్ పాటలు తిరుగుతాయి. అబ్బా మాట్లాడితే జవాబు కోసం ఆగుతాడు, కార్టూన్ ఆగదు. ఆ రెంటికీ ఉన్న తేడా పిల్లాడికి ఎవరు చెప్పాలి?

పగలు ఫోన్ ఎందుకు ఇచ్చారని అడిగేవాళ్ళకి మా ఇంటి పని తెలీదు. మాకు ముప్పావు ఎకరం మల్బరీ తోట, ఇంటి వెనక పట్టుపురుగుల షెడ్డు. పురుగు నాలుగో జ్వరం లేచిందంటే చాలు, ఇంక వారం రోజులు దానికి ఆకలి తప్ప వేరే ధ్యాస ఉండదు. బతుకంతా తినే ఆకులో ముప్పాతిక పైన ఆ చివరి వారంలోనే తింటుంది. ఆకు కోయాలి, మోయాలి, పరచాలి, రెట్ట తీయాలి. అర్ధరాత్రి కూడా లేవాలి. షెడ్డులోకి పిల్లల్ని రానివ్వకూడదు, దోమల బత్తి పొగ కూడా తగలకూడదు. పురుగుకు రోగం తగిలితే పంట మొత్తం పోతుంది. అమ్మీకి మోకాళ్ళ నొప్పి, పిల్లాడి వెంట పరుగెత్తలేదు. అలాంటి వారంలో దుల్హన్ చేతిలో ఉన్న ఒకే ఒక ఆయా ఆ ఫోన్. ఆమెను నేను ఎన్నడూ తప్పు పట్టలేదు, పట్టేవాళ్ళని ఊరుకోనూ లేదు.

మున్నాకి రెండేళ్ళు నిండాయి. అబ్బా, అమ్మీ, పానీ, నక్కో. ఈ నాలుగే మాటలు. ఆ వయసుకి చాలామంది పిల్లలు రెండేసి మాటలు కలిపి చెప్తారు, "పానీ హోనా" అన్నట్టు. వీడు వేలు చూపిస్తాడు, ఏడుస్తాడు. ఖాందాన్‌లో ఎవరి రాయ్ వాళ్ళది. నజర్ తగిలిందన్నారు ఒకరు. మగపిల్లలకి ఆలస్యమేనన్నారు ఇంకొకరు. తావీజ్ కట్టించమన్నారు. అన్నిటికంటే నన్ను పరేషాన్ చేసిన మాట చదువుకున్న ఒక బంధువు నోటినుంచి వచ్చింది: "ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, సంతలో కన్నడ. పిల్లాడి దిమాగ్ గందరగోళమైంది. ఇంట్లో ఉర్దూ బంద్ చేసి తెలుగే మాట్లాడండి, బడికి పనికొస్తుంది."

ఈ మాట మన ఇళ్ళలో చాలాచోట్ల వినపడుతుంది కాబట్టి సాఫ్‌గా చెప్తున్నాను. రెండు భాషల్లో పెరగడం వల్ల పిల్లల మాట ఆలస్యం కాదు. భాషల మీద పనిచేసే నిపుణులు దీన్ని ఎన్నో దేశాల పిల్లల్లో చూసి తేల్చారు. లెక్క వేసేటప్పుడు రెండు భాషల మాటల్నీ కలిపి లెక్కించాలి, అంతే. పైగా దుల్హన్‌కి మనసులోంచి వచ్చే మాట దక్కనీ. ఆ ప్యార్ మాటలు ఆపేసి, వచ్చీరాని బడి తెలుగులో పిల్లాడితో మాట్లాడితే వాడికి దక్కేది తెలుగు కాదు, ఖామోషీ.

మదనపల్లెలో డాక్టరమ్మ దగ్గరికి నేనూ దుల్హన్ తీసుకెళ్ళాం. ఆమె ముందు చెప్పింది చెవుల పరీక్ష. మాట రాని ప్రతి పిల్లాడికీ మొట్టమొదట వినికిడి చూడాలి. అది చూడకుండా తావీజ్ కట్టినా, ఆటలు ఆడించినా వక్త్ పోయినట్టే. పరీక్ష రోజు దుల్హన్ తస్బీహ్ తిప్పుతూనే ఉంది. అల్‌హందులిల్లాహ్, చెవులు బాగున్నాయి. తర్వాత డాక్టరమ్మ అడిగింది: రోజుకి ఎన్ని గంటలు ఫోన్? దుల్హన్ దాచకుండా చెప్పింది, నాలుగైదు అని. ఫోన్ వల్లే ఇలా అయిందని ఎవరూ కసమ్ వేసి చెప్పలేరనీ, కానీ ఆ నాలుగైదు గంటల్లో పిల్లాడితో మాట్లాడే మనిషి లేకపోవడం మాత్రం నుక్సానేననీ ఆమె చెప్పింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ళలోపు పిల్లల గురించి సలహాలు ఇచ్చింది. ఏడాదిలోపు పిల్లలకి తెర అసలు వద్దు. రెండేళ్ళు దాటాక రోజుకి గంట మించొద్దు, తగ్గితే ఇంకా మంచిది. ఏడాది దాటిన పిల్లలు రోజుకి మూడు గంటలైనా ఒళ్ళు కదిలించి ఆడాలి. మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం చెప్పేది కూడా ఇదే: రెండేళ్ళలోపు సున్నా, ఐదేళ్ళదాకా గంట. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం మాత్రం 2016లో ఒక మినహాయింపు పెట్టింది. దూరాన ఉన్న మనవాళ్ళతో వీడియోలో మాట్లాడడం ఈ లెక్కలోకి రాదని. ఇది విన్నాక దుల్హన్ ముఖంలో వచ్చిన రౌనక్ నేను చూశాను. అబ్బాని ఆపక్కర్లేదు, కార్టూన్‌ని ఆపాలి.

సరే, ఆపాక ఆ గంటల్ని దేనితో నింపాలి?

సహీహ్ బుఖారీలో, సహీహ్ ముస్లింలో హజ్రత్ రుబయ్యి బింత్ ముఅవ్విజ్ (ర.అ.) చెప్పిన సంగతి ఒకటి ఉంది. ఆషూరా రోజా నాడు మదీనా ఆడవాళ్ళు పిల్లల చేత కూడా రోజా పెట్టించేవారు. పిల్లలు ఆకలికి ఏడిస్తే ఉన్నితో చేసిన ఖిలోనాలు ఇచ్చి, ఇఫ్తార్ వేళ దాకా వాళ్ళ ధ్యాస మళ్ళించేవారు. నేను ఈ హదీస్ ఎన్నోసార్లు రోజా మసాయిల్‌లో విన్నాను. ఈసారి మాత్రం నా నజర్ ఆ ఉన్ని మీద పడింది. ఆ ఇళ్ళలో గొర్రెలుండేవి, ఒంటెలుండేవి, ఉన్ని ఉండేది. ఇంట్లో పడి ఉన్నదాన్నే తీసి అమ్మలు బొమ్మ చేశారు. పని ఉన్న అమ్మ, ఏడుస్తున్న పిల్లాడు, చేతికందిన వస్తువు. పద్నాలుగు వందల ఏళ్ళ కిందటి ఆ వాకిలికీ మా షెడ్డుకీ పెద్ద దూరం లేదనిపించింది.

ఇంకో హదీస్ సునన్ అబూ దావూద్‌లో ఉంది. హజ్రత్ ఆయిషా (ర.అ.) బొమ్మల మధ్య గుడ్డ పేలికలతో రెండు రెక్కలు పెట్టిన ఒక గుర్రం ఉండేది. గుర్రానికి రెక్కలేమిటని ప్రవక్త (స) అడిగారు. సులైమాన్ (అలై.) దగ్గర రెక్కల గుర్రాలు ఉండేవని మీరు వినలేదా అని ఆమె ఎదురడిగారు. ఆయన దంతాలు కనపడేలా నవ్వారు. గుడ్డ పేలిక రెక్క అయింది, రెక్క మాట అయింది, మాట నవ్వు అయింది. ఆడించడం అంటే ఇదే కదా.

అమ్మీ ముందుకొచ్చింది. "మేరే బచ్చే క్యా ఫోన్ దేఖ్ కో బడే హుయే క్యా?" అంటూ సందూక్ తీసింది. మమ్మల్ని పెంచిన సామాను చాలావరకు ఇంకా అందులోనే ఉంది. జర్మన్ సిల్వర్ గ్లాసులు, ఇత్తడి పాన్‌దాన్ మూత, చెక్క బేలన్, పాత తాళంచెవుల గుత్తి, ఖాళీ ఖజూర్ డబ్బాలు. ఒక వెదురు బుట్టలో ఇవన్నీ వేసి మున్నా ముందు పెట్టింది. వాడు గంటసేపు లేవలేదు.

నాకు ఆశ్చర్యం కలిగించిన విషయం ఏమిటంటే, ఇదే బుట్టను ఎలినోర్ గోల్డ్‌ష్మీడ్ (1910–2009) అనే బ్రిటిష్ ఆమె ఒక పద్ధతిగా చేసి బోధించింది. కూర్చోవడం వచ్చి ఇంకా పాకని పసిపిల్లల ముందు ఒక బుట్ట పెట్టేది. అందులో ప్లాస్టిక్ ఉండదు. చెక్క, లోహం, గుడ్డ, తోలు, రాయి. పెద్దవాళ్ళు పక్కనే కూర్చోవాలి, మధ్యలో దూరి "ఇలా కాదు, అలా" అనకూడదు. ప్లాస్టిక్ బొమ్మలన్నీ ఒకటే నునుపు, ఒకటే వాసన. ఇత్తడి చల్లగా ఉంటుంది, చెక్క వెచ్చగా ఉంటుంది, తాళాలు గలగలమంటాయి, మఖ్మల్ మెత్తగా ఉంటుంది. పిల్లాడి చేతులు, నోరు, చెవులు అప్పుడే ఫరక్ నేర్చుకుంటాయి.

పాకే వయసు దాటిన పిల్లలకి మరియా మాంటిస్సోరి మాట పనికొస్తుంది. ఆమె కథ మన మదనపల్లెకి దగ్గరి చుట్టరికమే. మన బీటీ కాలేజీ 1915లో అనీ బీసెంట్ పుణ్యాన వచ్చింది. బీసెంట్ నడిపిన ఆ థియోసాఫికల్ సొసైటీ పిలుపు మీదే 1939లో మాంటిస్సోరి మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం ముగిసేదాకా ఈ దేశంలోనే ఉండి టీచర్లకు తర్బియత్ ఇచ్చింది. ఆమె బడిలో మొదటి పాఠం అక్షరం కాదు. ఒక కూజాలోంచి ఇంకో కూజాలోకి నీళ్ళు పోయడం, చమ్చాతో గింజలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మార్చడం, గుడ్డ మడతపెట్టడం, నేల తుడవడం. మన ఇంట్లో "ఛోడ్, గిరా దేతా" అని లాక్కునే పనులన్నీ అక్కడ సబఖ్.

మున్నా చేసిన ఆటలు కొన్ని చెప్తాను. ఒకదానిలో ఒకటి పట్టే స్టీలు కటోరాలు ఐదు. మొదటి వారం అన్నీ చెల్లాచెదురు. రెండో వారం చిన్నది పెద్దదానిలో పడుతుందనీ, పెద్దది చిన్నదానిలో పట్టదనీ తెలిసింది. అప్పుడు "ఛోటా", "బడా" అనే మాటలకి ఒక వస్తువు దొరికింది. ఖజూర్ డబ్బా మూతకి అమ్మీ కత్తితో ఒక సందు కోసింది. అందులోంచి బట్టల క్లిప్పులు ఒక్కొక్కటే వేస్తాడు, ఊపుతాడు, మూత తీసి బోర్లిస్తాడు, మళ్ళీ వేస్తాడు. వేసేటప్పుడు "అందర్", తీసేటప్పుడు "బాహర్". ఈ రెండు మాటలూ వాడి ఐదో, ఆరో మాటలయ్యాయి. ఓఢ్నీ ముఖం మీద వేసి తీస్తే కిలకిల. కనపడనిది పోయినట్టు కాదని పసివాడి అకల్‌కి తెలిసేది ఈ ఆటలోనే. ఓఢ్నీ వెనక అమ్మీ ఉందని నమ్మే పిల్లాడే ఫోన్ ఆపేశాక అబ్బా ఎక్కడో ఉన్నాడని నమ్మగలడు.

టమాటా బాక్సు మా ప్రాంతపు మఖ్సూస్ బొమ్మ. మదనపల్లె మార్కెట్‌కి పోయే ప్లాస్టిక్ బాక్సులు మన ఊళ్ళలో ప్రతి ఇంటి ముందూ ఉంటాయి. ఒకటి బోర్లిస్తే దుకాణం, నిలబెడితే బస్సు, రెండు కలిపితే గుఫా. తాడు కట్టి పక్కింటి తొమ్మిదేళ్ళ పాప లాగుతుంటే మున్నా లోపల కూర్చుని "పుంగనూర్, పుంగనూర్" అని కండక్టర్ అవుతాడు. బెంగళూరులో పెద్ద షాపులో కూడా ఇలాంటి బస్సు దొరకదు.

సంగటి ముద్ద సంగతి చెప్పాలి. రాగి సంగటి కెలికేటప్పుడు అమ్మీ చిన్న ముద్ద తీసి చల్లార్చి వాడి తట్టలో వేస్తుంది. వాడు గుండ్రంగా చేస్తాడు, గుంట చేస్తాడు, దాన్ని చూసి "చాంద్" అంటాడు. ఇక్కడ అమ్మీకీ నాకూ కాసేపు బహస్ నడిచింది. బియ్యంతో, పప్పుతో పిల్లల్ని ఆడించమని వీడియోల్లో చెప్తుంటారు. అమ్మీ ఒప్పుకోదు. "రిజ్క్ సే ఖేల్నా నక్కో" అంటుంది, అది ఆమె ఈమాన్‌లో భాగం. ఆమె మాట నిలబడింది. ముద్దతో ఆడొచ్చు, కానీ ఆడాక తినాలి. చపాతీ పిండి ఇస్తే ఆడిన తర్వాత కోళ్ళకి వేయాలి. నీళ్ళ ఆట ఆడితే ఆ నీళ్ళు పుదీనా మొక్కకి పోయాలి, ఇస్రాఫ్ కాకూడదు. ఆడుకుంటూనే అదబ్ నేర్పే ఈ లెక్క నాకు ఏ కితాబ్‌లోనూ కనపడలేదు.

బుట్ట పెట్టడం ఎంత ముఖ్యమో, బుట్టలోంచి ఏం తీసేయాలో తెలియడం అంతకంటే ముఖ్యం. ఇది జాన్‌కి సంబంధించిన మాట కాబట్టి ధ్యాన్‌గా చదవండి.

మనది వేరుసెనగ పండే నేల. వేరుసెనగ గింజ, చింతగింజ, సీతాఫలం గింజ, ఖజూర్ విత్తనం, పూస, నాణెం. మూడేళ్ళలోపు పిల్లల చేతికి ఇవి ఆటకి ఇవ్వకూడదు. మన దేశంలో పిల్లల ఊపిరి గొట్టంలోంచి డాక్టర్లు తీసే వస్తువుల్లో తరచుగా కనపడేది వేరుసెనగ గింజే. చిన్న వస్తువుల పరీక్షకి వాడే గొట్టం వెడల్పు దాదాపు 3.2 సెంటీమీటర్లు. అందులో పట్టేది ఏదైనా ఆ వయసు పిల్లలకి ఖతరా కిందే లెక్క. రిమోట్లలో, చప్పుడు చేసే చైనా బొమ్మల్లో ఉండే గుండ్రటి బటన్ బ్యాటరీ అన్నిటికన్నా చెడ్డది. మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళాన్ని కాల్చేయగలదు. మింగాడని అనుమానం వచ్చినా ఆగకుండా ఆస్పత్రికి పోవాలి. నీళ్ళ ఆట చెంబుతో, తట్టతో. బకెట్ దగ్గర పిల్లాణ్ణి ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు. అడుగున నాలుగు వేళ్ళ నీళ్ళున్నా తలకిందులుగా పడ్డ పసివాడు లేవలేడు. దుపట్టాలు, తాళ్ళు మెడ దగ్గర ఎవరూ లేనప్పుడు వద్దు.

ఇక సుర్మాదానీ. మెరిసే ఇత్తడి సుర్మాదానీ పిల్లలకి ఎంత ఇష్టమో. మా సందూక్‌లో కూడా ఒకటి ఉంది. బజార్లో దొరికే పాత రకం సుర్మాల్లో చాలావాటిలో ఉండేది సీసం. సీసం పిల్లల మెదడుకి విషం. కొంచెమే అయినా మాట మీద, చదువు మీద అసర్ చూపిస్తుంది. సుర్మా మన రివాజ్, సున్నత్‌గా పెద్దలు పెట్టుకుంటారు, దాని ఇజ్జత్ దానిది. కానీ సీసం లేదని పరీక్ష చేయించిన సుర్మా కాకపోతే పిల్లల కళ్ళకి పెట్టకండి, సుర్మాదానీని నోట్లో పెట్టుకోనివ్వకండి. డాక్టరమ్మ ఈ ముక్క చెప్పాక అమ్మీ తన సుర్మాదానీని గుడ్డలో చుట్టి బీరువా పైన పెట్టింది. ఆమెకి అది నాన్న కొనిచ్చింది. ఆ రోజు ఆమె ఏమీ మాట్లాడలేదు.

ఇంట్లో సామానుతో ఆడించడం ముఫ్త్ అని రాసేవాళ్ళతో నేను ఇత్తెఫాఖ్ కాను. సామాను ముఫ్తే, మనిషి ముఫ్త్ కాదు. కటోరాలు వాటంతట అవి "ఛోటా, బడా" అనవు. పక్కన ఎవరో కూర్చోవాలి. పిల్లాడు ఎత్తిన వస్తువు పేరు చెప్పాలి, వాడు చేసిన చప్పుడుకి జవాబు ఇవ్వాలి. ఆ ఫుర్సత్ ఎవరి ఖాతాలోంచి రావాలి? ఎప్పుడూ అమ్మ ఖాతాలోంచే అంటే అది ఇన్సాఫ్ కాదు. అందుకని మేం కూర్చుని లెక్క వేశాం. షెడ్డు పని ఎక్కువుండే వారంలో పొద్దున రెండు గంటలు అమ్మీ చౌకీ మీద కూర్చుని బుట్ట ఆడిస్తుంది. సాయంత్రం బడి అయ్యాక పక్కింటి పాప వస్తుంది, ఆమె తెలుగులో మాట్లాడుతుంది, మంచిదే. ఆదివారం నేను మదనపల్లె నుంచి వస్తాను. మిగతా వేళల్లో దుల్హన్ వెంటే తిరుగుతూ పని చేస్తాడు. మల్బరీ కాడలు ఏరి కుప్ప పెట్టడం వాడి డ్యూటీ. బట్టలు ఆరేసేటప్పుడు క్లిప్పు అందిస్తాడు. ఒక్క క్లిప్పుకి "ఏక్", రెండో క్లిప్పుకి కూడా "ఏక్". కొన్నిసార్లు ఏమీ తోచక కూర్చుంటాడు, గొడవ చేస్తాడు. చేయనీ. కాసేపు ఏమీ తోచకపోతేనే పిల్లాడు తన ఆట తను వెతుక్కుంటాడు.

అన్నిటికంటే కష్టమైన వేళ రంజాన్‌లో అసర్ నుంచి మగ్రిబ్ దాకా. రోజా ఉన్న శరీరం, పొయ్యి మీద గంజి, నూనెలో బజ్జీలు, కాళ్ళకి అడ్డం పడే పిల్లాడు. మొదటి మూడు రోజులు ఫోన్ కోసం నేలమీద పడి ఏడ్చాడు. నాలుగో రోజు దుల్హన్ పొయ్యికి దూరంగా చాప వేసి, దస్తర్‌ఖాన్ మడత వాడి చేతిలో పెట్టింది. పరచడం వాడి పని. వంకరగా పరుస్తాడు, మళ్ళీ తీస్తాడు. తర్వాత ఒక్కొక్కరి ముందూ ఒక గ్లాసు. ఆపైన ఒక్కొక్కరికీ ఒక ఖజూర్ పంచుతాడు, విత్తనం తీసినది. అజాన్ వినపడేసరికి వాడి "ఆట" పూర్తి, ఇఫ్తార్ తయ్యార్. మదీనా అమ్మలు ఉన్ని ఇచ్చారు, మేం దస్తర్‌ఖాన్ ఇచ్చాం.

తమ్ముడికి ఈ కబుర్లన్నీ చెప్పాం. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. జుమా వాడికి సెలవు. ఆరుగురు ఉండే గదిలో మంచం మీద కూర్చుని మాట్లాడతాడు. ఇదివరకు వీడియోలో "మున్నా, అబ్బా బోల్, సలాం బోల్" అని అడిగేవాడు, వాడు సిగ్గుపడి పారిపోయేవాడు. ఒక జుమా నాడు దుల్హన్ చెప్పింది, "ఆప్ భీ ఏక్ కటోరా లేవ్" అని. తమ్ముడు స్టీలు గిన్నె తీసి చమ్చాతో మూడుసార్లు కొట్టాడు. మున్నా ఆగి, ఫోన్ వైపు చూసి, తన గిన్నె మీద మూడుసార్లు కొట్టాడు. అవతల రెండు, ఇవతల రెండు. అవతల ఓఢ్నీ బదులు తువ్వాలు ముఖం మీద కప్పుకుంటే ఇవతల "అబ్బా కహాఁ?" అన్నాడు. రెండు మాటలు కలిపి వాడు చెప్పడం అదే మొదటిసారి. తమ్ముడు తువ్వాలు వెంటనే తీయలేదు. ఎందుకు తీయలేదో మాకు తెలుసు, ఎవరమూ అడగలేదు.

ఇప్పుడు మున్నాకి రెండేళ్ళ ఎనిమిది నెలలు. దక్కనీ, తెలుగు కలిపి నేనూ దుల్హన్ కూర్చుని రాసిన లెక్కలో అరవై రెండు మాటలున్నాయి. వాడి వయసు పిల్లలతో పోలిస్తే ఇంకా తక్కువే. డాక్టరమ్మ మూడేళ్ళకి మళ్ళీ తీసుకురమ్మంది, అవసరమైతే మాటలు నేర్పే నిపుణుల దగ్గరికి పంపుతానంది. కటోరాలు ఇలాజ్ అని నేను చెప్పను. మీ ఇంట్లో పిల్లాడికి మాట ఆలస్యమైతే ముందు చెవులు చూపించండి, డాక్టర్ని కలవండి, ఇంట్లో ఉర్దూని ఆపకండి. బుట్ట ఆ తర్వాత. కానీ బుట్ట పెట్టడానికి ఎవరి ఇజాజత్ కోసమూ ఆగక్కర్లేదు. ఈ రోజే దేగ్చీ మూత ఒకటి కింద పెట్టండి, పక్కన కూర్చోండి.

బక్రీద్‌కి తమ్ముడు రెండు నెలల ఛుట్టీ మీద వస్తున్నాడు, ఇన్‌షా అల్లాహ్. మున్నాకి రిమోట్ కారు తేవాలా, రైలు తేవాలా అని అడిగాడు. దుల్హన్ చెప్పింది, గదిలో అందరూ టీకి వాడే పాలపొడి పెద్ద డబ్బాలు ఖాళీ అయితే పారేయొద్దని, కడిగి ఆరబెట్టి మూతలతో సహా తెమ్మని. నాలుగు దాచానని మొన్న జుమాకి ఫోన్‌లో చూపించాడు. అయిదోది ఇంకో వారంలో ఖాళీ అవుతుందట.